అన్‌ఫిట్ కోసం కాదు

తుంటి కీలు అరిగిపోయింది, మార్చాల్సిందేనని డాక్టరు చెప్పి, సోమవారం పొద్దున వచ్చి చేరమన్నారు. గోదావరిఖనిలో మా కాలనీ అంతటికీ ఈ సంగతి రెండు రోజుల్లో తెలిసిపోయింది. నొప్పి ఎలా ఉందని అడిగినవాళ్లు తక్కువ. క్వార్టర్ల మధ్య సందులో ఎదురైన వాళ్లు ఎక్కువమంది గొంతు తగ్గించి ఒకటే అడిగారు: "అన్‌ఫిట్‌కేనా అన్నా?"

బొగ్గుబాయి ఊళ్లలో ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. కార్మికుడి ఒళ్లు ఇక పనికి సహకరించదని మెడికల్ బోర్డు రాసిస్తే, అతని నౌకరి కొడుక్కో కూతురికో వస్తుంది. అందుకే కొన్ని ఇళ్లలో దవాఖానకు పోయేది నయం చేయించుకోవడానికి కాదు, నయం కాదని రాయించుకోవడానికి.

నా నౌకరీ అలా వచ్చిందే. పన్నెండేళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాక, నాన్న అన్‌ఫిట్ అయితే నేను బాయి మీద చేరాను. ఆయనకు మోకాలి నొప్పి ఉన్న మాట నిజమే. పని మానేసేంత నొప్పి మాత్రం కాదు. కాగితం వచ్చిన రోజు ఇంట్లో కోడిని కోశారు. మర్నాటి నుంచి ఆయన కర్ర పట్టుకుని కుంటడం మొదలుపెట్టాడు. చక్కగా నడుస్తుంటే ఎవరైనా చూసి కంపెనీకి అర్జీ పెడతారని భయం. వాకిలి దాటితే కుంటేవాడు, లోపలికి రాగానే కర్ర మూలన పెట్టి మామూలుగా తిరిగేవాడు. కొన్నేళ్లకు ఇంట్లోనూ కుంటడం కనిపించింది.

"ఇక్కడ ఎవలు చూస్తరే నాయినా?" అని అడిగాను.

"అలవాటైంది బిడ్డా," అన్నాడు.

పోయేదాకా అలాగే నడిచాడు. ఎవరెవరి ఇళ్ల సంగతులో వార్తలుగా రాసినవాణ్ని. ఇది మాత్రం ఎక్కడా రాయలేదు. జీతం తీసుకుంటున్నది నేను.

నాది ల్యాంప్ రూంలో పని. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. షిఫ్టంతా నిలబడే ఉండాలి. ఆపరేషన్ అయితే నాలుగైదు నెలల్లో మళ్లీ డ్యూటీకి పోవచ్చని డాక్టరు చెప్పారు. నాకు ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది. ఆపరేషన్ వద్దని ఊరుకుంటే కాలు మరింత పాడవుతుంది, బోర్డు ముందు కేసు గట్టిపడుతుంది. తేల్చుకోవాల్సింది ఇదే: నా కాలా, నా కూతురి నౌకరీనా.

నా భార్య తమ్ముడు మాత్రం ముందే తేల్చేశాడు. మందమర్రిలో బాయి పని అతనిది. శనివారం సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చంకలో ఒక ఫైలు.

"అన్ని జిరాక్స్ తీపిచ్చిన బావా. పిల్ల మెమోలు, ఆధార్, కుల సర్టిఫికెటు, అందరు కలిసి దిగిన ఫొటో. నువ్వు చెయ్యాల్సిందొకటే. ఆపరేషనంటే భయమైతుందను. బీపీ ఉన్నదను."

"నాకు బీపీ లేదుర."

"లేకుంటే తెచ్చుకో! ఈ రెండు రోజులు కడుపునిండ తినకు. గడ్డం గీసుకోకు. మనిషిని చూస్తెనే డాక్టరుకు అయ్యో పాపం అనిపియ్యాలె."

"పాపమనిపియ్యాలంటె మీ అక్కను పంపుత. ఇన్నేండ్ల సంది నాతోని ఏగుతుంది."

"నన్ను నడిమిట్ల గుంజకుర్రి," అని వంటింట్లోంచి నా భార్య అరిచింది.

"నవ్వులాట కాదు బావా. నీకు నౌకరెట్లొచ్చింది? మీ నాయిన ఇయ్యలేదా?"

"ఇచ్చిండు. కాలు గూడ ఇచ్చిండు."

అతను చాయ్ సగంలో వదిలేసి లేచాడు. ఫైలు మాత్రం మంచం మీద పెట్టి వెళ్లాడు.

ఆదివారం పొద్దున కాలీడ్చుకుంటూ చౌరస్తా దగ్గరి మంగలి షాపుకు వెళ్లాను. అతనికీ సంగతి తెలిసిపోయింది. గడ్డానికి నురగ పెట్టకుండా బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు దవాఖానల చేరుతున్నవట గదనే. గడ్డం ఉండాలె గద?"

"గియ్యి. మీసం కత్తిరియ్యి. తలకు రంగు గూడ ఎయ్యి."

"పెండ్లికొడుకోలె పోతవా ఏందే అన్నా?"

"ఔ. పెండ్లికొడుకును అన్‌ఫిట్ జేసిన డాక్టరును నువ్వెన్నడన్న చూసినవా?"

షాపులో కూర్చున్న ఇద్దరు నవ్వారు. ఒకాయన పేపరు దించి నావైపు చూసి, మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. నౌకరి పోగొట్టే తండ్రిగా సాయంత్రానికల్లా కాలనీలో పేరు పడుతుందని నాకు తెలుసు. పడనీ అనుకున్నాను. తిరిగి వచ్చి తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేసుకున్నాను.

మధ్యాహ్నం నా కూతురు సంచి సర్దింది. లుంగీలు, తువ్వాల, స్టీలు గ్లాసు, పళ్లెం, కళ్లజోడు, ఎక్స్‌రేలు. ఆమెకు ఇరవై ఆరేళ్లు నిండాయి. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. లుంగీ మడత పెడుతూనే మాట్లాడింది.

"నాయినా, ఒకటి చెప్త, కోపం జెయ్యకు. నాకు ఆ నౌకరి కావాలె. వద్దని అబద్ధమాడ."

"తెలుసు బిడ్డా."

"మామ చెప్పిండని కాదు. నా తోటి చదివినోళ్లు బాయి ఆఫీసుల కుర్చీల కూసున్నరు. నేను బడిల పొద్దందాక నిలబడుతున్న. నాకెందుకు ఉండద్దు?"

"ఉండాలె. పరీక్ష రాసి తెచ్చుకో. నా తుంటిల కెల్లి తీసుకోకు."

ఆ మాట అంత కటువుగా అనాలనుకోలేదు. ఆమె చేతులు ఆగాయి.

"ఈ మాట అప్పుడు మీ నాయినతోని అన్నవా?"

ఎంతోమందిని ప్రశ్నలు అడిగినవాణ్ని. నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. "అనలే," అన్నాను. "అనకుంట నౌకరి తీసుకున్న. ఆయన నడుస్తుంటె ఇరవై ఏండ్లు చూసిన. నువ్వు గట్ల చూసుకుంట బతకద్దు. నువ్వు తిట్టుకున్నా సరే, నేనైతే ఆపరేషన్ చేపిచ్చుకుంట."

ఆమె సంచి జిప్పు లాగి గోడ వారగా పెట్టి, స్నానానికి పోయింది. రాత్రి అన్నం పళ్లెం నా ముందు పెట్టి, తను వంటింట్లో కూర్చుని తింది.

సోమవారం దవాఖానకు నలుగురం వెళ్లాం. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూస్తుండగానే నా బామ్మర్ది ముందుకొచ్చాడు. "సార్, మా బావకు ఆపరేషనంటే మస్తు భయం సార్. బోర్డుకు రాస్తే..."

కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాను. తుంటి భగ్గుమంది. "భయం లేదు సార్. మీరు కాలు బాగుచెయ్యిర్రి. మళ్ల డ్యూటీ చేస్త."

డాక్టరు నన్నూ, అతన్నీ చూసి, ఒక కాగితం సిస్టరు ముందుకు జరిపారు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు నేను సంతకం పెట్టాలి. ఇంటివాళ్లలో ఒకరు కూడా పెట్టాలి. నాది నేను పెట్టేశాను. బామ్మర్ది చేతులు కట్టుకున్నాడు. "నేనైతే పెట్ట." నా భార్య తమ్ముణ్ని చూసింది, కూతుర్ని చూసింది. చెయ్యి చాచలేదు.

కాగితం నా కూతురు తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చదివింది. సిస్టరు రెండుసార్లు గడియారం చూసుకుంది.

"ఆపరేషన్ అయినంక మంచిగ నడుస్తడా సిస్టర్?"

"ఎందుకు నడవడమ్మా? మేం చెప్పినట్టు వినాలె, అంతే."

"వినడు," అంది నా కూతురు.

"నీ నౌకరి నీ చేతులతోని పోగొట్టుకుంటున్నవు బిడ్డా," అన్నాడు మేనమామ.

"పెన్నియ్యి మామా."

అతను జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత పెన్ను తీసి ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. నావైపు చూడలేదు. కోపం ఇంకా తగ్గలేదు. రోగికి ఏమవుతారు అని అడిగిన గడిలో 'కూతురు' అని రాసి, సంచి భుజాన వేసుకుని, వార్డు ఎటువైపని సిస్టరును అడిగింది.