మా పెదనాన్నకు ఉడకని కూరలు

మా ఆదినారాయణప్ప పెదనాన్న రోజూ పొద్దున ఉప్మా పళ్ళెం ముందు కూర్చుని, అందులోంచి ఒక క్యారెట్ ముక్కను ఏరి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతాడు. ముక్క వెన్నలా నలిగిపోయినా సరే, నలక్కపోయినా సరే, "ఉడకల్యా" అంటాడు. ఈ లోకంలో ఏ వస్తువూ సరిగ్గా ఉడకలేదన్నది ఆయన స్థిరమైన అభిప్రాయం. మా జయలక్ష్మమ్మ పెద్దమ్మ మారుమాట్లాడకుండా ఆ ఉప్మాను మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కిస్తుంది. అది దిగేసరికి మా ఇంట్లో ఉప్మాకూ గోడలకు పూసే సున్నానికీ పెద్ద తేడా ఉండదు. మేమందరం అదే తినాలి. మా ఊరు చింతామణిలో వేరే ఇళ్ళలో ఉప్మాలో రవ్వ రవ్వగానూ, బీన్స్ బీన్స్‌గానూ కనిపిస్తాయని నాకు కాలేజీకి వెళ్ళాకే తెలిసింది.

ఇల్లు దాటితే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. ఒకసారి బాగేపల్లిలో హోటలుకు వెళ్ళాం. పెదనాన్న బీన్స్ పల్యం కూరలో ఒక ముక్కను నొక్కి చూసి, వంటాయన్ని పిలిపించాడు. ఆయన గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. ఇద్దరూ ఒక బీన్స్ ముక్కను మధ్యలో పెట్టుకుని సరిహద్దు తగాదాలా వాదించుకుంటుంటే నేను చేతిలోని పుస్తకంలో ఒకే వాక్యాన్ని మళ్ళీమళ్ళీ చదివాను. నలుగురిలో నోరు విప్పాలంటేనే నాకు చెమటలు పడతాయి. అలాంటిదాన్ని దేవుడు ఈయనకు తమ్ముడి కూతురుగా పుట్టించాడు.

ఇంకొకసారి పెళ్ళి భోజనాల్లో నానిన పెసరపప్పూ పచ్చి కీరకాయ ముక్కలూ కలిపిన కోసంబరి వడ్డించారు. పెదనాన్న అందులో కీరకాయ ముక్కను నొక్కాడు. వద్దు వద్దని మనసులో మొక్కుకుంటూనే ఉన్నాను.

"కీరకాయ ఉడకల్యా," అన్నాడు.

"కోసంబరిలో కీరకాయ ఎవురన్నా ఉడికిస్తారాప్పా?" అన్నాడు వడ్డించేవాడు.

"ఉడికిస్తే జైల్లో ఏస్తారా?"

పంక్తి మొత్తం తినడం ఆపి మావైపు చూసింది. పెళ్ళివారి మాట కాదనలేక పక్కనే కూర్చున్న పెదనాన్న బావ బయ్యప్ప మామ ఒక్కడే తల ఎత్తలేదు, ఆకు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకూ నాలాగే తల కొట్టేసినట్టయిందనుకుని జాలిపడ్డాను. ఆ తర్వాత అప్పడం వచ్చింది. అది గట్టిగా ఉందని పెదనాన్న దాన్ని సాంబారులో ముంచి, తన ఆకులోదే కాకుండా మామ ఆకులోది కూడా ముంచేశాడు.

నేను తెలుగు ఎం.ఏ. చేస్తున్న రోజుల్లో నా కథ ఒకటి పత్రికలో అచ్చయింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, పత్రిక మడిచి నా చేతికిచ్చి, "కొంచెం పచ్చిగా ఉండాది. ఇంగా రవ్వంతసేపు మంట మీద పెట్టుంటే బాగుండు," అన్నాడు. విమర్శ ఎంత కఠినమైనదైనా తట్టుకోవచ్చు. కానీ నా కథకూ బీన్స్ పల్యానికీ ఒకే కొలత అంటే ఎలా ఊరుకోవడం? నేను మాత్రం ఊరుకున్నాను. ఊరుకోవడం తప్ప నాకేం చేతనవును.

బయ్యప్ప మామ అంటే మా పెద్దమ్మకు అన్న. పడుచుతనంలో కొబ్బరికాయను పళ్ళతో వలిచేవాడట. చింతామణి మార్కెట్లో పాతవాళ్ళు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుంటారు. అత్త పోయాక ఆయన మా మేడ మీది గదికి వచ్చేశాడు. నేను బడికి వెళ్ళే రోజుల నుంచే ఆయన మాతో కూర్చుని తినడం మానేశాడు. క్యారియర్ పైకి వెళ్తుంది, ఖాళీ అయి కిందికి వస్తుంది. ఎవరైనా రమ్మని పిలిస్తే, "ఇప్పుడే తిన్యానమ్మా," అంటాడు.

దీనివల్ల అందరికంటే ఎక్కువ బాధపడింది ఆయన కూతురు రంజిత వదిన. వదిన తనకు నచ్చిన చేతన్‌ని పెళ్ళి చేసుకుని బాగేపల్లిలో కాపురం పెట్టింది. మామ వద్దనలేదు, పెళ్ళికి దగ్గరుండి అక్షింతలు కూడా వేశాడు. కానీ ఆ తర్వాత కూతురింటికి ఎన్నిసార్లు వెళ్ళినా ఒక్కపూట కూడా తినలేదు. మా వైపు కోపమొస్తే తిట్టుకోరు, అరుచుకోరు. కోపమున్నవాళ్ళ ఇంట్లో అన్నానికి చెయ్యి కడగరు, అంతే. అది తిట్టుకన్నా పెద్దది.

"నాయన నన్ను క్షమించల్యా వీణా," అంది వదిన ఒకరోజు మా వంటింట్లో. "నోటితో అనడు. నా చేతి ముద్ద మాత్రం ముట్టడు."

అందుకే ఈ మే నెలలో వదిన ఒక ఉపాయం ఆలోచించింది. ఇంట్లో పిలిస్తే తినడు కాబట్టి, చింతామణి దగ్గరున్న ఆయన సొంత మామిడితోటలోనే అందరికీ తానే వండి పెట్టాలనుకుంది. తన తోటలో, తన చెట్ల కింద, అందరూ తింటుంటే ఆయన ఒక్కడే ఎలా కాదంటాడు? శనివారం కాబట్టి మాంసం లేదు, అన్నీ కూరగాయలే. చేతన్ బొగ్గుల మీద పెట్టే జల్లెడ పొయ్యి కొన్నాడు. వదిన ఫోనులో వీడియోలు చూసి అంతా నేర్చుకుంది. పొద్దున్నే నేనూ వదినా కూర్చుని క్యాప్సికం, లేత మొక్కజొన్న, మేము ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు కోసి, పెరుగూ కారం పట్టించి ఇనుప పుల్లలకు గుచ్చాం. కోసంబరి కలిపాం. క్యారెట్లు, కీరకాయలు పొడుగ్గా కోసి గ్లాసుల్లో పువ్వుల్లా నిలబెట్టాం. పెదనాన్న రాగానే వదిన ఆయన దగ్గరికి వెళ్ళి, ఈ ఒక్కరోజు ఉడకల్యా అనవద్దని చేతులు పట్టుకుని బతిమాలింది. ఆయన మామిడికాయల వైపు చూస్తూ, "చూస్తాం," అన్నాడు.

మొదటి పుల్ల దిగింది. క్యాప్సికం మీద నల్లటి చారలు అందంగా పడ్డాయి. వాసనకు తోట కాపలావాళ్ళ కుక్క కూడా వచ్చి కూర్చుంది. పెదనాన్న ఒక ముక్క లాగి నొక్కాడు.

"ఉడకల్యా."

"మామా, దీన్ని ఇట్లే తినాల," అన్నాడు చేతన్ ఓపిగ్గా. "కరకరమంటేనే రుచి."

"కరకరమని తినేదానికి మనమేమన్నా కుందేళ్ళా?"

అంతటితో ఆగలేదు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, జల్లెడ ఎత్తి పక్కన పెట్టాడు. మా పుల్లలన్నీ ఒక పళ్ళెంలో పడేశాడు. తాను తెచ్చిన సంచిలోంచి వంకాయలూ టమేటాలూ తీసి నేరుగా నిప్పుల మీదికి దొర్లించాడు. ఉర్లగడ్డలూ గెనుసుగడ్డలూ, అంటే బంగాళాదుంపలూ చిలగడదుంపలూ, బూడిదలో పాతిపెట్టాడు. వంకాయలు నల్లగా మాడి, తొక్క పగిలి, లోపలి రసం బుసబుసమంటూ కారుతున్నా, "ఇంగా, ఇంగా," అంటూ పుల్లతో తిప్పుతూనే ఉన్నాడు. వదిన చేయబోయిన పులావు వద్దని పెద్దమ్మ చేత రాగి ముద్దకు ఎసరు పెట్టించాడు. మేము గ్లాసుల్లో నిలబెట్టిన క్యారెట్లను చూసి, వాటిని ఆవులకు పెట్టమన్నాడు.

వదిన చెట్టు వెనక్కి వెళ్ళి ముక్కు తుడుచుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచి ఎంత కష్టపడింది, దేనికోసం కష్టపడింది, ఈ మనిషికి ఏమైనా పట్టిందా?

"పెదనాన్నా, వదిన వాళ్ళ నాయన కోసం చేసినవి ఇవి. నీకు నచ్చకపోతే నువ్వు తినొద్దు. అందరి నోటి దగ్గరిదీ ఎందుకు లాగేస్తావు?" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా ఎవరూ వినలేదు. పెదనాన్న కూడా నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పెద్దమ్మతో, "ఇదీ ఇంగా ఉడకల్యా," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను సంచిలోంచి పుస్తకం తీసుకుని పంపుసెట్టు గది వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. జీవితంలో మళ్ళీ ఆయనతో మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. నాకది పెద్ద కష్టమైన పని కూడా కాదు.

కాసేపటికి గోడకు అవతల కరకరమని చప్పుడు వినిపించింది. పందికొక్కేమోనని తొంగిచూశాను. పెదనాన్న. ఒళ్ళో మా పళ్ళెం. ఒక్కొక్క పుల్లనూ నోటికి అడ్డంగా పెట్టి, క్యాప్సికం, మొక్కజొన్న, ఎర్రగడ్డ ఒకదాని వెనక ఒకటి లాగేస్తున్నాడు. దవడలు చెరుకు గానుగలా తిరుగుతున్నాయి. పక్కనే ఆవులకు పెట్టమన్న క్యారెట్లు సగం అయిపోయి ఉన్నాయి. ఆవు మాత్రం ఎక్కడా లేదు.

"ఉడికిందా పెదనాన్నా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, నోట్లోది మింగి, "శానా బాగుండాదమ్మా," అన్నాడు. "రంజితది మంచి చెయ్యి."

నా కోపం రెట్టింపయింది. మరి ఇదంతా ఎందుకు చేశావని నిలదీశాను. ఆయన గోడ పక్కనుంచి తోటలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"బావకు దవడపండ్లు లేవు."

బయ్యప్ప మామకు ముందరి పళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి నవ్వితే ఎవరికీ అనుమానం రాదు. వెనకవన్నీ వదిన పెళ్ళి జరిగిన రోజుల్లోనే ఒకదాని తర్వాత ఒకటి పుచ్చిపోయాయి. స్కూటరు మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పీకించింది పెదనాన్నే. తిరిగి వచ్చేటప్పుడు మామ దారిలో స్కూటరు ఆపించి, ఎవరికీ చెప్పనని ఇంటిదేవుడి మీద ఒట్టు వేయించుకున్నాడు. కట్టుడు పళ్ళంటే ససేమిరా అన్నాడు. పళ్ళతో కొబ్బరికాయ వలిచినవాడు కట్టుడు పళ్ళు పెట్టుకుంటే మార్కెట్లో ఏమనుకుంటారు? అప్పటినుంచి వీలైనంతవరకు పదిమందిలో తినడం మానేశాడు. కూతురింట్లో కూడా అందుకే తినలేదు.

"నమలలేను అని ఆయన నోటితో రాదమ్మా. ఉడకల్యా అని ఎవురో ఒకరు అనాల కదా, నేనంటాండా," అన్నాడు పెదనాన్న. "నాకు పిచ్చి అనుకుంటే అనుకోనీ. మెత్తగా వచ్చేది ఆయన ఆకులో కూడా పడుతుంది."

నేను గోడ చుట్టి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. అప్పుడు ఒకటి గుర్తొచ్చింది.

"మరి నా కథ పచ్చిగా ఉందని ఎందుకన్నావు?"

"అది అలవాటుగా వచ్చేసిండేది," అని కాస్త ఆగాడు. "అయినా అది కొంచెం పచ్చిగానే ఉండె."

ఒట్టు తప్పి నాకెందుకు చెప్పావని అడిగితే, నేను ఎవరితోనూ మాట్లాడను కాబట్టి నాకు చెప్పడం చెప్పినట్టు కాదన్నాడు. అది కూడా అవమానమే. కానీ ఆ పూట దాన్ని లెక్కలో వేసుకోలేదు.

మేము తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ రాగి ముద్దలు కడుతోంది. పెదనాన్న కాల్చిన వంకాయలూ టమేటాలూ తొక్క తీసి, పచ్చిమిరపకాయలతో రోట్లో వేసి, ముక్క అన్నది కనిపించకుండా నూరాడు. ఉర్లగడ్డలు పిసికి నెయ్యి పోశాడు. గెనుసుగడ్డల్లో బెల్లం కలిపాడు. వదిన ముఖం చిన్నబుచ్చుకునే విస్తర్లు వేసింది. బయ్యప్ప మామ భుజాన తువ్వాలుతో దూరంగా బండ మీద కూర్చుని, ఆ మాట అనడానికి సిద్ధంగా ఉన్నాడు. పిలవగానే అనేశాడు కూడా.

"ఇప్పుడే తిన్యానమ్మా."

వదిన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అందరం చూపులు తిప్పుకున్నాం.

"నిన్ను తినమని ఎవురు చెప్పిరి బావా?" అని పెదనాన్న విసురుగా లేచాడు. "ఇది పంచాయితీ. ఉడకల్యా అని నేనంటాండా. ఈ పిల్లోల్లు నన్ను పిచ్చోన్ని చేస్తాండారు. ఈ తోట నీది, తీర్పు నీది. కూర్చో, చెప్పు."

పంచాయితీ అంటే మామ కాదనలేడు. వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. వదిన ముద్ద పెట్టింది, పక్కన వంకాయ పచ్చడి వేసింది. ఆయన పిడచ చిదిమి, పచ్చడిలో అద్ది, నోట్లో వేసుకుని మింగాడు. ముద్దను మా వైపు ఎవరూ నమలరు, మింగడమే. అందరం ఆయన గొంతు వైపే చూస్తున్నాం. ఆయన ఇంకో పిడచ తీసుకున్నాడు. తర్వాత ఉర్లగడ్డ. తర్వాత గెనుసుగడ్డ. ముద్ద అయిపోయింది. తీర్పు చెప్పవలసిన మనిషి తీర్పు సంగతే మర్చిపోయి విస్తరి వైపు ఎడమచేత్తో చూపించాడు.

"ఇంగో ముద్ద పెట్టమ్మా రంజితా."

వదిన పెట్టింది. నెయ్యి ఎంత పోస్తోందో చూసుకోకుండా పోస్తూనే ఉంది. చేతన్ గిన్నె అందుకోకపోతే విస్తరి దాటి నేలమీదికి పారేది. పొగ కళ్ళలో పడిందని వదిన చెంగుతో ముఖం తుడుచుకుంది. పొయ్యి ఆరిపోయి చాలాసేపయిందని ఎవరూ అనలేదు.

పెదనాన్న మాత్రం ఊరుకోలేదు. విస్తరిలోంచి కొంచెం వంకాయ తీసి వేళ్ళ మధ్య నొక్కి, "నాకేమో ఇంగా ఉడకల్యా అనిపిస్తాంది," అన్నాడు.

"నోరు మూసుకోప్పా. వెన్న మాదిరి ఉండాది," అని కసిరాడు బయ్యప్ప మామ.

పెదనాన్న ఓడిపోయినవాడిలా తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం వెనక ఆయన ముఖం ఎంత సంతోషంగా ఉందో నాకొక్కదానికే కనిపించింది. అప్పుడు కూడా నాకు కొంచెం కోపమే వచ్చింది. ఇంత మంచిపని ఇంత గొడవతో చేయాలా?

ఆ తర్వాత కొన్నాళ్ళకు బయ్యప్ప మామే కూతురికి సంగతి బయటపెట్టాడు. వదిన ముందు ఏడ్చి, తర్వాత నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టించింది. ఇప్పుడాయన వాటిని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తీసి చూపిస్తున్నాడు. అందుకే నేనిది రాస్తున్నాను.

పెదనాన్న చింతామణిలోనే ఉన్నాడు. ప్రతి ఆదివారం బావామరుదులిద్దరూ చేలూరు మీదుగా వెళ్ళే బస్సెక్కి బాగేపల్లికి పోయి, రంజిత వదిన ఇంట్లో భోంచేసి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు.