చేతిలో వణికే టెస్టర్

మా ల్యాబ్ సార్ పోయారని పోయిన వారం తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయారట. యూనివర్సిటీలో ఆయన ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసుకునేవారు. నేను అదే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో గుమాస్తాను. రిటైరయ్యాక కూడా ఆయన శనివారాలు వచ్చి, పాత ల్యాబ్ గదిలో మాబోటి ఆడవాళ్ళకు ఇంటి కరెంటు పనులు నేర్పేవారు. ఫ్యూజు పోతే పక్కింటివాళ్ళ కోసం చీకట్లో ఎదురుచూసే నా బతుకు అక్కడే బాగుపడింది.

వైరును ముట్టుకోకుండానే కరెంటు ఉందో లేదో చెప్పే పెన్నులాంటి టెస్టర్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మొదటిరోజే దాన్ని మా చేతుల్లో పెట్టి, "ముందు కరెంటున్న సాకెట్ దగ్గర చూడండి. అక్కడ పలకని టెస్టర్‌ని ఇంకెక్కడా నమ్మకండి" అన్నారు. వైరు చూశాక మళ్ళీ అదే సాకెట్ దగ్గరికి పంపేవారు. నేను విసుక్కుంటే, "విసుక్కో అమ్మా, పర్లేదు. బతికుండి విసుక్కో" అనేవారు. ఎంత మొండిమనిషో.

ఒకసారి క్లాసుకు కొత్త టెస్టర్ కొనాలని నన్ను తోడు తీసుకుని హబ్సిగూడలో కొట్టుకు వెళ్ళారు. కొట్టతను ఒకటి తీసి సాకెట్ దగ్గర పెట్టాడు. "గిది తీస్కోండ్రి సార్. మస్తు మోగుతది. పక్క రూముల దాకా ఇనబడ్తది."

సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, లైటు మరీ చిన్నదని, ఎండలో కనపడదని పక్కన పెట్టారు. ఇంకొకటి పక్క వైరుకు కూడా వెలుగుతోందని వద్దన్నారు. మరొకటి బ్యాటరీ అయిపోవస్తుంటే ముందుగా చెప్పదట. చివరికి ఒకదాన్ని సాకెట్ దగ్గర పెట్టి కళ్ళు మూసుకున్నారు. అది వెలుగుతూ, చేతిలో ఫోనులా వణికింది. ఆయన మొహం విప్పారింది.

"గంత మోగేది ఇస్తే వద్దంటిరి. గిది సప్పుడే చేయదు గద సార్?" అన్నాడు వెనక డబ్బాలు సర్దుతున్న కొట్టతను. సార్ పలకలేదు. మళ్ళీ అడిగాడు. సార్ అటు తిరిగి కూడా చూడలేదు. అప్పుడు నాకు అర్థమైంది.

బయటికి వచ్చాక ఎదురుగా నిలబడి, "వినపడట్లేదా సార్?" అని అడిగాను.

"మొహం చూస్తే సగం తెలుస్తుందమ్మా. టెస్టర్ కూత మాత్రం వినిపించదు" అన్నారు. చెవికి మిషన్ పెట్టుకోమన్నాను. "పెట్టుకుంటే అందరికీ కనిపిస్తుందిగా. కరెంటు దగ్గర చెవిటివాడేంటని ల్యాబ్ గది తాళం తీసేసుకుంటారు. ఎవరికీ చెప్పకు. మా ఇంట్లో కూడా."

చెప్పలేదు. క్లాసులో వెనక నుంచి ఎవరు ఏం అడిగినా, నేను ఆయన ఎదురుగా వెళ్ళి నా అనుమానంలాగా మళ్ళీ అడిగేదాన్ని. "నీకెన్ని డౌట్లే తల్లీ" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు. క్లాసు నిలబడింది, ఆయన సంతోషంగా ఉన్నారు, అంతే చాలనుకున్నాను. ఆయన ఇల్లు నాకు గుర్తే రాలేదు. ఆ మాట నిలబెట్టుకున్నందుకు ఇప్పుడు ఏడుపొస్తోంది.

మొన్న వాళ్ళ ఫ్లాటులో చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయి, ప్రార్థనకు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, సార్ భార్య నా పక్కన కూర్చున్నారు. "క్లాసులో మీతో బాగా మాట్లాడేవారటగా. నాతో మాటే తగ్గించేశారమ్మా. వంటింట్లోంచి ఏదన్నా అడిగితే పలికేవారు కాదు. నేనంటే విసుగు పుట్టిందనుకుని నేనూ అడగడం మానేశాను. ఆయన పోయిన రోజు కూడా టిఫినుకు పిలిచాను. పలకలేదు. మామూలేలే అనుకుని నా పని నేను చేసుకున్నాను."

ఇక దాచడానికి మనసొప్పలేదు. అంతా చెప్పాను.

ఆమె కొంగు వేలికి చుట్టుకున్నారు. తర్వాత, "అయితే కోపం కాదా?" అన్నారు.

"కాదు ఆంటీ."

"వినపడకేనా?"

"వినపడకే."

లేచి వంటింట్లోకి వెళ్ళారు. మంచినీళ్ళకేమో అనుకున్నాను. లోపలి నుంచి "ఏవండీ" అని పిలిచారు. మళ్ళీ పిలిచారు, ఇంకా గట్టిగా, గొంతు చీరుకుపోయేలా. ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది.