బదులుకు పిలవని పొద్దు

ఈ సంగతి నేను చెప్పబోయినప్పుడల్లా వినేవాళ్లకు ఏదో ఒక పని గుర్తుకొచ్చేది. మా అక్క అయితే "మళ్లా మొదలుపెట్టినావా" అని చెంబు తీసుకొని దొడ్లోకి పోయేది. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా చివరిదాకా వినలేదు. అందుకే రాస్తున్నాను. కాగితానికి ఎక్కడికీ పోయే పని ఉండదు.

మాది గిద్దలూరుకు కొండవైపున్న మెట్ట పల్లె. అవి చెన్నపట్నం సర్కారు నాళ్లు, మేము కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్లం. ఒక వానాకాలం నాకు చలిజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ ఒంట్లో సత్తువ తిరిగి రాలేదు. అట్లని మంచాన పడ్డ మనిషినీ కాదు. తినేవాణ్ణి, తిరిగేవాణ్ణి, మడక దున్నేవాణ్ణి. చిక్కంతా మర్నాడు వచ్చేది. ఈరోజు అందరితో సమంగా పని చేస్తే, తెల్లారేసరికి కాళ్లూ చేతులూ తడిసిన గోనెల మాదిరి బరువెక్కేవి. రాత్రంతా నిద్రపోయినా పోనట్టే ఉండేది. ఎవరన్నా గబగబా మాట్లాడితే ఒక మాట అర్థమయ్యేలోపల ఇంకో మాట వచ్చి మీద పడేది. రెండు మూడు రోజులు అట్ల ఉండి, మళ్లీ మామూలుగా లేచేవాణ్ణి. గిద్దలూరులో ఒక డాక్టరు నాడి చూసి, కడుపు నొక్కి, "జ్వరం లేదు గదా, ఇంకేం కావాల నీకు?" అన్నాడు. నేను చెప్పబోయేలోపల ఇంకొకరిని పిలిచినాడు.

కూలీలను పెట్టుకునే స్తోమత మా బోటివాళ్లకు లేదు. బదులు పోయేవాళ్లం. ఈరోజు నేను నీ చేన్లో చేస్తే, రేపు నువ్వు నా చేన్లో చెయ్యాల. ఏ రోజు ఎవరి చేనన్నది మా బావ చెప్పేవాడు. మా అక్క మొగుడాయన. గొంతు పెద్దది. తెల్లారకముందే వీధి వెంట నడుస్తూ ఒక్కో వాకిట్లో నిలబడి పిలిచేవాడు.

ఆ ఏడు వేరుశనగ పీకుడు మొదట బావ చేన్లో పెట్టుకున్నాం. సాలుకు సాలు ఆయనతో సమంగా పీకినాను. "జొరం పడి లేచినోనివి, మెల్లగా పీకు నాయనా" అని ఒక ముసలామె అంటే, ఇంకా గట్టిగా పీకినాను.

మర్నాడు మా చేను. అందరూ వచ్చినారు. నేను లేవలేకపోయినాను. మా ఇంటామె ఒక్కతే వాళ్ల వెంట పోయింది. చేన్లో మా బావ, "పెండ్లికొడుకు ఇంకా నలుగు పెట్టించుకుంటాండాడా ఏందమ్మా?" అన్నాడంట. ఒకామె అందుకొని, "దొరగారు గదన్నా, పండుకోని చేయిస్తాండాడు" అన్నదంట. అందరూ నవ్వినారంట. మా ఇంటామె కూడా నవ్విందంట. అది కూడా నాకు గుర్తుంది.

పొద్దు గూకేసరికి మా చేను సగమే అయింది. తక్కినది ఇంకొక వంతుకు పీకుదామని చెప్పి, ఆ తర్వాతి రోజుల్లో వేరేవాళ్ల చేన్లకు పోయినారు. నేను వాటికి పోలేకపోయినాను. అప్పుడు పుట్టింది మాట. "అక్క మొగుని చేనికైతే లేచినాడు, మన చేన్లకు రోగమొచ్చింది" అన్నారు.

ఒళ్లు తేలికపడ్డ పొద్దున తలగుడ్డ చుట్టుకొని వాకిట్లో కూర్చున్నాను. బావ వచ్చినాడు. పక్కింట్లో పిలిచినాడు. మా వాకిలి దాటి, అవతలింట్లో పిలిచినాడు. మరిచినాడేమో అనుకొని "బావా" అన్నాను.

"పండుకో బామ్మర్దీ, ఒళ్లు జాగ్రత్త" అన్నాడు, ఆగకుండానే. ఎంత తియ్యగా అన్నాడో. ఆ పొద్దుతో నన్ను బదులులోనుంచి తీసేసినారు. తీసేసినామని మాత్రం ఎవరూ నోటితో చెప్పలేదు.

సగం చేను అట్లనే ఉంది. వాన లేదు. నేల గట్టిపడితే చెట్టు చేతికొస్తుంది, కాయ మట్టిలోనే ఉండిపోతుంది. ఏడాది తిండి దాంట్లో ఉంది. మేమిద్దరమే దిగినాం. కాసేపు పీకి, వేపచెట్టు కింద ఒరిగేవాణ్ణి. లేచి మళ్లీ కాసేపు. ఇంకా చెయ్యగలననిపిస్తున్నప్పుడే ఆపెయ్యాల. పనిలో అంత కష్టమైనది ఇంకోటి లేదు. మా ఇంటామె ఒక్కతే వంగి పీకుతుంటే కూర్చొని చూడాల. కానీ అట్ల చేస్తే మర్నాడు లేవగలిగినాను. జ్వరం పోయినాక పనిచేసిన మర్నాడు లేవడం అదే మొదలు. తెగిపోయిన కాయలను పారతో తవ్వి ఏరుకున్నాం. ఆలస్యమైంది, కొంత పోయింది, తక్కినది ఇల్లు చేరింది.

కడపటి సాళ్లలో ఉండగా మా బావ బాట మీదనుంచి చూసినాడు.

"ఏం బామ్మర్దీ, సొంత చేనికైతే రోజూ లేచొస్తాండావే. మా చేన్లకేనా నీ జబ్బు?"

మా ఇంటామె నడుమెత్తకుండానే అనింది: "మీరంతా ఒక్క రోజులో పీకేదాన్ని ఈయన ఇన్ని రోజులు పీకినాడన్నా. ఎగతాళి చేసేదైతే దానికి చెయ్యి."

ఆయన నవ్వుకుంటా పోయినాడు.

ఆ జబ్బు పోలేదు, పెరగనూ లేదు. దాని లెక్కలో అది ఉంది, నా లెక్కలో నేను సేద్యం చేసినాను. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. బావతోనే ఉంది. పెండ్లిండ్లలో పక్కపక్కనే కూర్చొని తింటాం. పప్పు వడ్డించమని నా కోసం అడుగుతాడు కూడా. ఆ పొద్దు సంగతి మాత్రం ఎత్తడు.

బావా, పండుకుంటే సోమరినన్నావు, లేస్తే దొంగ జబ్బన్నావు. రెంటిలో ఏది నమ్మి నా వాకిలి దాటిపోయినావు? లేక రెండూ నమ్మకుండానే, నలుగురి మాటకు జడిసి పోయినావా? అక్కతో చెప్పి పంపొద్దు. నువ్వే వచ్చి చెప్పు.