జెముడు మొక్కకు కొబ్బరినూనె

నా చిన్నప్పుడు నేను వెలగబెట్టిన పనులన్నీ మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంటారు. అన్నీ ఒప్పుకున్నాను, ఒక్కటి తప్ప. దాన్ని మాత్రం ఇంకొకరి పేరుమీద చెప్పుకుని నవ్వుతారు. నేనూ పక్కన కూర్చుని వింటాను. అరవై దాటాయి. ఇంకా దాచుకుని ఏం బావుకుంటాను?

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మునిసిపాలిటీ పనివాళ్ళ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండంతస్తుల పాత భవనం, అందరికీ కలిపి పైన ఒక డాబా. దాదాపు అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. పక్కింటి తాతయ్య పార్కులో మాలీగా పనిచేసి రిటైరయ్యారు. డాబా మీద ఒక మూల ఆయన కాక్టస్ మొక్కలు ఉండేవి. డాల్డా డబ్బాల్లో, చెవులు విరిగిన కప్పుల్లో ఏ డబ్బాకి ఆ డబ్బా ఒక ముళ్ళబంతి. వాటి మధ్య జానెడున్నర ఎత్తున ఒక జెముడు మొక్క నిలబడి ఉండేది. ఒళ్ళంతా తెల్లటి పొడుగు వెంట్రుకలు, లోపల ముళ్ళున్నాయని చెప్తేగానీ తెలిసేది కాదు. తాతయ్య దాన్ని ‘ముసిలోడు’ అనేవారు. అలీపూర్‌లో ఎవరో డబ్బున్న బాబుల ఇంట్లో పనికిరాదని పారేసిన ముక్కని తెచ్చి పన్నెండేళ్ళు పెంచారట.

ఏటా చలికాలం చివర్లో పెద్ద పూలప్రదర్శన జరిగేది. తాతయ్య ముప్ఫయ్యేళ్ళపాటు ఆ ప్రదర్శనకి కుండీలు మోశారు. పెంచేది ఈయన, కుండీ ముందు చీటీ మీద పేరు మాత్రం ఇంటి యజమానిది. బహుమతి వస్తే వాళ్ళు దండలు వేయించుకునేవారు, ఈయన కుండీ వెనక్కి మోసుకొచ్చేవారు. ఆ సంవత్సరం మొదటిసారి తన పేరుతో తన మొక్కని పెడతానన్నారు. కాగితం మా నాన్న నింపారు. చీటీ మీద పేరు రాసే పని నాకిచ్చారు. మా లైనులో ఇంగ్లీషు బడికి వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే మరి. నాలుగు అట్టలు పాడుచేసి అయిదోదాని మీద గుండ్రంగా రాశాను. ఆ అట్ట పట్టుకుని తాతయ్య గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చూపించుకొచ్చారు.

వారం ముందు ఆయన ముసిలోడికి తలస్నానం చేయించారు. సబ్బునీళ్ళతో మెల్లగా కడిగి, ఎండలో ఆరబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో వెంట్రుకలు దువ్వారు. నేను పక్కనే కూర్చుని చూశాను. నాకు తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో తలారబెట్టుకున్నాక కొబ్బరినూనె పట్టించి బిగించి జడ వేస్తేనే గడప దాటనిచ్చేది మా నాయనమ్మ. నూనె లేని జుట్టుతో నలుగురిలోకి వెళ్తే పరువు పోయినట్టే ఆవిడకి. అలాంటిది ముసిలోడు బాబుల ముందుకి పొడిజుట్టుతో, పీచులా వెళ్ళడం నాకు నచ్చలేదు. తాతయ్య మగమనిషి, మర్చిపోయి ఉంటారనుకున్నాను.

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం డాబా మీద ఎవరూ లేరు. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని తాతయ్య కోడలు, నేను అత్తా అని పిలిచే ఆవిడ, ఎండలో పెట్టి కిందికి వెళ్ళింది. నూనె చక్కగా కరిగి ఉంది. సగం సీసా ముసిలోడికి పట్టించేశాను. వేళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నా ఓర్చుకుని కుదుళ్ళదాకా రాశాను. ఎండలో నిగనిగలాడిపోయాడు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తెల్లారేసరికి చలికి నూనె మళ్ళీ గడ్డకట్టింది. వెంట్రుకలన్నీ ఉండలు కట్టి ఒంటికి అతుక్కుపోయాయి. ఓడలు బాగుచేసే యార్డు నుంచి వచ్చే మసి రాత్రంతా వాటి మీద పడి అంటుకుంది. కుండీ తీసుకెళ్ళడానికి పైకొచ్చిన తాతయ్య దాని ముందు చతికిలబడిపోయారు. ఆయన చెయ్యి దాన్ని ముట్టుకోబోయి ఆగిపోవడం మెట్ల దగ్గర్నుంచి చూశాను.

ఆ నూనె సీసా ఎవరిదో అందరికీ తెలుసు. పైగా బట్టలారేసుకోడానికి చోటులేదని, చీరలు ముళ్ళకి పట్టుకుని చిరుగుతున్నాయని అత్త రోజూ గొణిగేది. “ఈ ముళ్ళడబ్బాలన్నీ ఏదో రోజు గంగలో పడీసొస్తాను సూడండి” అని నాలుగు రోజుల ముందే అందరూ వినేలా అంది. ఇంకేం కావాలి? తాతయ్య కొడుకు నోటికొచ్చినట్టు తిట్టి ఆవిడ మీదకి చెయ్యెత్తాడు. ఆవిడ తను కాదని ఏడుస్తోంది. అప్పుడైనా నేను నోరు విప్పాలి. విప్పలేదు. మా నాయనమ్మ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

“ఆపరా!” అన్నారు తాతయ్య. “నానే రాసినాను. ఎంట్రుకలు మెరుస్తాయనుకున్నాను. ముసిలోణ్ణి, మతి పోనాది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, డాబా అంతా నవ్వులే. ముప్ఫయ్యేళ్ళు మాలీగా చేసినవాడు కాక్టస్‌కి కొబ్బరినూనె రాశాడట! సాయంత్రానికి వీధి చివర టీకొట్టు దాకా పాకింది. బెంగాలీ పిల్లలు ‘తేల్ దాదూ’ అన్నారు, మనవాళ్ళు ‘నూనె తాత’ అన్నారు. ఆయన పోయేదాకా అదే పేరు. ఆటల్లో పడి నేను కూడా ఆ పేరుతో పిలిచాను. ఇది రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

నన్ను ప్రదర్శనకి తీసుకెళ్తానని తాతయ్య ముందే మాటిచ్చారు. మొక్క లేకపోయినా అదే రోజు నన్ను బస్సెక్కించారు. కాక్టస్‌లకి వేరే షామియానా వేశారు. ఇసుక పోసిన పొడుగాటి బల్లల మీద వరసగా పెట్టారు. గులకరాళ్ళలా నేలకి అతుక్కున్నవి, పచ్చటి కాడ మీద ఎర్రటి తలకాయ అంటుకట్టినవి, చిటికెనవేలంత దాని మీద చెయ్యంత పువ్వు పూసినవి. చీటీలు ముందురోజే తీసుకుని బల్లల మీద సర్దేశారు. అందుకని ఒకచోట ఖాళీ ఇసుక, దాని ముందు నా గుండ్రటి అక్షరాల్లో తాతయ్య పేరు. వచ్చినవాళ్ళు చీటీ చదివి, ఇసుక చూసి, ముందుకి సాగుతున్నారు. తాతయ్య మాత్రం అక్కడే నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పక్క కుండీల గురించి ఓపిగ్గా చెప్తున్నారు. ఆయన ఎందుకు కోప్పడటం లేదో నాకు అర్థం కాలేదు.

తర్వాత ఝాల్‌మురీ, అంటే కారం మరమరాలు, కొనిచ్చి ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను ఎడం చేత్తో తినడం చూసి కుడిచెయ్యి పట్టుకుని విప్పారు. వేళ్ళన్నీ వాచి ఎర్రగా ఉన్నాయి. జేబులోంచి ముళ్ళు తీసే చిన్న చిమటా తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క ముల్లే తీయడం మొదలుపెట్టారు. సన్నటి, తెల్లటి ముళ్ళు. పన్నెండేళ్ళు పెంచిన మనిషికి అవి ఏ మొక్కవో తెలియదా?

“ఎంతసేపట్నుంచి ఇలా ఉంచుకున్నావే, సెప్పకుండా?” అన్నారు.

“గులాబీ ముళ్ళు తాతా” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. “అవును, గులాబీ ముళ్ళే” అని మళ్ళీ తల వంచుకుని తీయసాగారు. అంతకంటే ఒక్క మాట అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. ముసిలోణ్ణి ఎన్నిసార్లు కడిగినా జిడ్డు వదల్లేదు. వానలు మొదలవగానే మొదలు కుళ్ళి పడిపోయాడు. తాతయ్య మరెప్పుడూ ప్రదర్శనకి పేరివ్వలేదు.

ఆ ఏడాది నుంచి అత్త మాత్రం మారిపోయింది. గొణగడం మానేసింది. ఆ ముళ్ళడబ్బాలన్నీ తనే ఎండలోకి జరిపేది, తాతయ్యకి అన్నం వేడివేడిగా తనే వడ్డించేది. ఆయన చివరి రోజుల్లో మంచాన పడితే ఆవిడే అన్నీ చేసింది. పోనీలే, నా వల్ల ఎవరికీ పెద్ద నష్టం రాలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఈ చలికాలం అత్తని చూడ్డానికి బడ్జ్ బడ్జ్ వెళ్ళాను. ఎనభై దాటింది, కూతురి దగ్గర ఉంటోంది. టీవీలో పూలప్రదర్శన చూపిస్తుంటే ఆ పాత సంగతి ఎత్తింది. అందరిలా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఆ నూనె నాను రాయలేదే” అంది. “గానీ మావ నానే రాసినాననుకున్నాడు. నా మొగుడు కొడతాడని తనమీదేసుకున్నాడు. నాను కాదు మావా అని ఓపాలి సెప్దామనుకున్నాను. సెప్తే ఆయన సేసిన మంచికి ఇలువ తీసీసినట్టుంటాదని ఊరుకున్నాను. నామీద అనుమానంతోనే ఎళిపోనాడు.”

అప్పుడు చెప్పేశాను. సీసా, ముళ్ళు, బెంచీ, నా గులాబీ అబద్ధం, అన్నీ. తిట్లకి సిద్ధపడే చెప్పాను. ఆవిడ తిట్టలేదు. “అయితే నాను కాదని మావకి తెలుసునేటే?” అని అడిగింది.

“తెలుసత్తా. ఆ రోజే తెలుసు.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, తాతయ్య నా ముళ్ళు తీసిన సంగతి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పించుకుంది.

తాతయ్య నన్ను కాపాడారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన కాపాడింది ఇద్దర్ని. ఆయనకి తనమీద అనుమానం లేదన్న సంగతి రెండో మనిషికి ఇన్నేళ్ళూ చేరకుండా అడ్డంగా కూర్చున్నది నేను. అత్త లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, నాకు టీ పెట్టి తెచ్చింది. దాన్ని అందుకోడానికి నాకు చెయ్యి రాలేదు.