ఉరికెక్కినవాడి పేరున ఫాతెహా

గిద్దలూరులో రైలు కదిలాక, ఎదురు సీట్లోని ముసలామె నా చేతిలో బెల్లం కలిపి నలిపిన రొట్టె, కాస్త మలీదా పెట్టింది.

"సచ్చిపోయిన మా తాత పేరున దువా చేసి పంచే ఫాతెహాది. తిను నాయనా" అంది.

తెల్లవాళ్ల కాలంలో ఆయన పట్నంలో పోలీసట. బాంబులు పెట్టే విప్లవకారుల్ని పట్టుకోవడం ఆయన పని.

"బాంబు పేలి తాత దోస్తు సచ్చిపోయినాడు. అది పెట్టినోన్ని తాతే పట్టుకున్యాడు. ఉరేసినారు. ఆ పిలగానికి ఇరవై ఏండ్లు గూడా లేవంట. తాత ఉద్యోగం ఇడిసి కంభం వచ్చేసినాడు. ఏటా దోస్తు పేరుతో పాటు ఆ పిలగాని పేరున గూడా ఫాతెహా ఇచ్చేటోడు."

"ఆ కుర్రాడు ముస్లిమా, అవ్వా?"

"కాదు, హిందువే."

నేను ఆశ్చర్యపోయాను.

"మా పిల్లోళ్లకు ఇదంతా పట్టదు. వానికీ, తాతకీ ఫాతెహా ఇచ్చేదానికి ఇప్పుడు నేనొక్కదాన్నే ఉండా" అంది.

కంభంలో దిగి, ఒంటరిగా నడిచి వెళ్లిపోయింది. ఆ ఇద్దరి పేర్లూ నేను అడగనే లేదు.