తీగ చివర అందుకునే మనిషి

మా చెల్లెలి చేతులు చూస్తే అది నాకన్నా చిన్నదంటే ఎవరూ నమ్మరు. అరచేతులు రంపం పట్టినవాడి చేతుల్లా గట్టిపడిపోయాయి. పదకొండేళ్ళుగా దాని పని మనుషుల్ని అందుకోవడం. జంతువుల పార్కులో ఈ గుట్ట మీంచి ఆ గుట్ట మీదికి ఇనుపతీగ కట్టారు. జిప్‌లైన్ అంటారు దాన్ని. నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని, కప్పీకి వేలాడుతూ జారిపోవడమే. కింద మొదట జింకలు, తర్వాత ఎలుగుబంట్లు, చివర మొసళ్ళ మడుగు. డబ్బిచ్చి మరీ ప్రాణాన్ని గిలగిల్లాడించుకోవడం ఏమిటో నాకర్థం కాదు. ఆ పిచ్చి వల్లే మా పొయ్యి వెలుగుతోంది కాబట్టి నోరు మూసుకుంటాను.

ఎక్కే వైపు తూకం చూసేది నేను. నూరు కిలోలు దాటితే పంపకూడదు. పొట్ట లోపలికి పీల్చి నిలబడేవాళ్ళు రోజుకి పదిమందైనా వస్తారు. "ఊపిరి బిగబడితే ముల్లు తగ్గదు నాయనా, వదిలెయ్" అంటాను. దిగే వైపు చెక్కల అరుగు మీద మా చెల్లెలు ఉంటుంది. ఊపు మీద వచ్చేవాళ్ళని తాడుతో నెమ్మది చేసి, నడుం దగ్గర ఒడిసిపట్టి, కొక్కెం విప్పి నిలబెడుతుంది. అప్పుడు గంట తాడు రెండుసార్లు లాగుతుంది. రెండు గంటలు వినబడ్డాయంటే తీగ మీద ఎవరూ లేరని. ఆ తర్వాతే ఇటునుంచి ఇంకొకర్ని వదలాలి. మేనేజరైనా, వాళ్ళ తాతైనా, గంట పడనిదే ఎవర్నీ వదలడానికి లేదు.

దాని మొగుడు, అంటే మా మరిది, ఆ తీగకి మేస్త్రీ. పొద్దున్నే బోల్టులు చూసుకుని, మొదటి సవారీ తనే చేసేవాడు. అతనికో కోతి అలవాటుండేది. అటు చేరేసరికి కళ్ళు మూసుకుని, తల వాల్చేసి, నిద్రపోయినట్టు వేలాడేవాడు. అది నాలుగు తిట్టి లేపాలి. ఏళ్ళ తరబడి రోజూ అదే నాటకం.

"అంత చల్లగాలిలో పోతే నిద్ర రాదా వదినా?" అనేవాడు నాతో.

"మా చెల్లెలి చేత తిట్లు తినందే నీకు తెల్లారదు. అది చెప్పు."

నిరుడు ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అలాగే వెళ్ళాడు. నేనే తూచాను, అరవై ఎనిమిది. మొహాన చెమటుంది. మెట్లెక్కి వచ్చాడుగా అనుకున్నాను. అటు చేరేసరికి తల వాలిపోయి ఉంది. మా చెల్లెలు ఒడిసిపట్టింది. "ఇవాళ ఇంత బరువెక్కావేంటయ్యా, దిగు" అంది. కొక్కెం విప్పింది. "అవతల జనం ఉన్నారు, వేషాలు చాలించు" అని చెక్కల మీద కూర్చోబెట్టింది. దాని చెయ్యి అలవాటు కొద్దీ గంట తాడు మీదికి పోయింది. రెండుసార్లు లాగింది.

అప్పుడు ఒరిగిపోయాడతను.

గంట పడింది కదా, ఇటు ఇంకొకర్ని వదిలేశారు. ఎర్రటోపీ పెట్టుకున్న పడుచుపిల్ల, నవ్వుతూ, కేకలేస్తూ వచ్చేస్తోంది. అందుకోకపోతే స్తంభానికి కొట్టుకుంటుంది. మా చెల్లెలు మొగుణ్ణి వదిలేసి ఆ పిల్లని అందుకుంది.

గుండె దారిలోనే ఆగిందన్నారు డాక్టర్లు. చేతికందేసరికే మనిషి లేడన్నారు. ఇది ఒప్పుకోదు. "కొక్కెం విప్పేటప్పుడు నా వేలు పట్టుకున్నాడక్కా. తీగ మీద ఎవరూ లేరని నేనే గంట కొట్టేశాను" అంటుంది. ఎంత చెప్పినా అదే మాట.

నెలకి మళ్ళీ పనిలోకొచ్చింది. వద్దంటే, "ఇంట్లో కూర్చుని గోడల్ని అందుకోమంటావా?" అంది. పనికి వంక పెట్టడానికి లేదు. కానీ పొద్దున మొదటి మనిషిని దింపాక గంట కొట్టేది కాదు. తీగ మీద చెయ్యి వేసి నిలబడిపోయేది. పావుగంట, ఒక్కోరోజు అరగంట. ఇటు జనం సణుగుడు. ఏమిటే అంటే, "ఇంకొకరున్నారు. మడుగు దాకా వచ్చి ఆగిపోతున్నారు. మనిషి ఉండగా గంటెలా కొడతాను?" అనేది.

మేనేజరు మంచివాడే. ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. "చూసీ చూడనట్టు ఏడాది నెట్టుకొచ్చాను పెద్దమ్మా. రేపు హెడ్డాఫీసు నుంచి పెద్దాయన తనిఖీకి వస్తున్నాడు. మొదటి మనిషి దిగాక గంట పడలేదంటే ఆమెని ఆ అరుగు మీంచి తీసేస్తారు. టికెట్లు చింపే పని ఇస్తాం, జీతం తగ్గదు."

"జీతం సంగతి కాదయ్యా. ఆ అరుగు మీంచి తీసేస్తే అది మనిషిగా మిగలదు."

"అయితే మీరే చెప్పి చూడండి."

"చెబితే వినే రకమైతే ఇంతదాకా ఎందుకు? రేపు మొదటి మనిషిని నేనే."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీ వయసుకి..."

"నూరు కిలోలు దాటకూడదని రాశారు గానీ అరవై ఏళ్ళు దాటకూడదని రాయలేదు. ఆ బోర్డు చదివేంత చదువు నాకూ ఉంది."

ఆ తీగ మీద వచ్చి, నా వెనక ఎవరూ లేరని దానికి నా కళ్ళతో సాక్ష్యం చెబుదామని నా ఆలోచన. మర్నాడు పట్టీలు బిగించి వదిలారు. భయపడ్డానని ఎవరైనా అంటే ఒప్పుకోను. జింకలు తలెత్తలేదు. ఎలుగుబంట్లు ఎత్తాయి. నన్నే చూస్తున్నాయనుకున్నాను. నేను దాటిపోయి వెనక్కి తిరిగి చూస్తే, వాటి చూపు నాతో రాలేదు. నాకు పది బారల వెనక, ఉత్త గాలిలో ఉంది.

"మోకాళ్ళు ముడువు" అని అరిచి చెల్లెలు నన్ను పట్టుకుంది. "నీకేం పోయేకాలం అక్కా?"

"పోయేకాలం నాకు కాదు, నీ కొలువుకి. గంట కొట్టు. నా వెనక ఎవరూ లేరు."

"చూశావా?"

చూశానని అనాలి. ఎలుగుబంట్ల చూపు గుర్తొచ్చింది. అది నా చెయ్యి లాగి తీగ మీద పెట్టింది. నేను దిగాక తీగ అదురు తగ్గిపోవాలి. తగ్గలేదు. గాలి లేదు, ఒక్క ఆకు కదలడం లేదు. మనిషి దగ్గరికొచ్చేకొద్దీ పెరిగినట్టు ఆ అదురు నా వేళ్ళ కింద పెరుగుతోంది. గంట తాడు మూరెడు దూరంలో ఉంది. నేనైనా లాగొచ్చు. నా నోటికీ చేతికీ ఎదురుండదని పేరు. ఆ పూట రెండూ పనిచెయ్యలేదు.

అది కాళ్ళు ఎడంగా పెట్టి చేతులు చాచింది. బరువు తగిలినట్టు ఆ చేతులు ఒక్కసారి వెనక్కి తగ్గాయి.

"నీ వెనకే వచ్చేశాడు" అంది, నెమ్మదిగా. ఈసారి తొందరపడలేదు. ఏదో విప్పింది. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత, "కాళ్ళు తియ్యక్కా" అంది.

నా పాదాల ముందు ఉత్త చెక్కలే. నేను కాళ్ళు తీసి పక్కకి జరిగాను. అది వంగి దించింది. లేచి, గంట రెండుసార్లు లాగింది.

ముసలిదాన్ని దింపడానికి ఆలస్యమైందని పెద్దాయన అనుకున్నాడట. అనుకోనీ. దాని అరుగు దానికే ఉంది.

అవతల్నించి ఎవరో కేకలేస్తూ బయల్దేరారు. అది అటు తిరిగింది. నేను మెట్ల దాకా, అది దించినచోట కాలు పడకుండా, చెక్కల అంచునే నడిచాను.