రెండు పళ్ళు, ఒక విజిట్

అమెరికాలోని ఎడిసన్‌లో నేను పళ్ళ డాక్టరుగా పనిచేసిన క్లినిక్ ప్రభుత్వ గ్రాంటు మీద నడిచేది. ఏడాదికి ఇన్ని విజిట్లు చూపిస్తామని ఒప్పందం. మనిషి ఒకసారి వచ్చి వెళ్తే ఒక విజిట్. లోపల ఒక పన్ను బాగుచేసినా నాలుగు బాగుచేసినా లెక్క ఒక్కటే. కోవిడ్ వచ్చి క్లినిక్ నెలల తరబడి మూతపడినా ఆ టార్గెట్ మాత్రం అలాగే ఉంది. జబ్బుకు మనుషులు భయపడ్డారు గానీ టార్గెట్ భయపడలేదు.

మళ్ళీ తెరిచాక మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఎవరికైనా రెండు పళ్ళు పుచ్చి ఉంటే ఈ వారం ఒకటి, వచ్చే వారం ఒకటి చేయమంది. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవడమే ప్రమాదమైన రోజుల్లో మనిషిని ఊరికే రెండుసార్లు రప్పించడమేమిటి? పైకి మాత్రం సరేనన్నాను. నాది హెచ్‌వన్ వీసా. విజిట్లు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, గ్రాంటు తగ్గితే ముందు తీసేది నన్నే. రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. అప్పుడు ఏ క్లినిక్కూ కొత్తవాళ్ళను తీసుకోవడం లేదు. ముఖం మాడ్చుకునే రోజూ ఒక్కో పన్ను చేసి పంపేదాన్ని.

ఒక మధ్యాహ్నం కరీంనగర్ ఆంటీ ఒకావిడ వచ్చింది. కొడుకు దగ్గర కొన్నాళ్ళుందామని వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయింది. రెండు దవడ పళ్ళు పుచ్చాయి. మాస్కు తీసే ముందు ఆవిడ గది నాలుగువైపులా చూసుకుంది. ఈ వయసు మనిషిని రెండుసార్లు రప్పించడం ఇంక నావల్ల కాలేదు. పోతే పోయింది ఉద్యోగం అనుకుని రెండు పళ్ళూ ఒక్కసారే బాగుచేసేశాను. చాలా రోజుల తర్వాత ఊపిరాడినట్టయింది.

“మళ్లెప్పుడు రావాలె బిడ్డా?” అంది.

“ఇంక రానక్కర్లేదు ఆంటీ. రెండూ అయిపోయాయి.”

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

“అయ్యో, రెండు ఒక్కసారే ఎందుకు చేసినవ్? ఇంకోటి మిగిలితె ఆ వంకనన్న బయటికి రావచ్చనుకున్న. కొడుకు ఓ రూముల మీటింగు, కోడలు ఓ రూముల మీటింగు. నేను దగ్గినా ‘ష్’ అంటరు. నన్ను నోరు తెరువుమన్నది నువ్వొక్కదానివే.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

“క్లీనింగ్ చేయాలి కదా ఆంటీ. వచ్చే వారం రండి, పై పళ్ళు చేస్తాను. ఆపై వారం కింది పళ్ళు,” అన్నాను. ఆవిడ సంతోషంగా లేచి, మాస్కు పెట్టుకుంది.

సాయంత్రం ఆ అపాయింట్‌మెంట్లు చూసిన మేనేజరు, ఒక్క క్లీనింగ్‌నూ రెండు విజిట్లు చేశావు, ఇప్పటికి దారిలో పడ్డావంటూ నన్ను మెచ్చుకుంది. ఎదురు తిరిగానన్న తృప్తి నాకు ఒక పూటైనా మిగల్లేదు.